గోరువెచ్చన

మొదటిసారి బకెట్లో పులిసింది బీరు కాదు, నా పొగరు.
పుస్తకం చూసి, తూకం వేసి, గడియారం పెట్టి
అన్నీ సరిగ్గా చేశాను,
చేతులు కడుక్కోవడం తప్ప.
వారానికి మూత తీస్తే తడిసిన గొర్రె వాసన.
బాల్కనీలోంచి కిందికి పారబోశాను.
మంచు మీద ఆ పసుపు మరక మార్చి దాకా కరగక
దారిన పోయేవాళ్లకి నా గురించి ఏవేవో చెప్పింది.

రెండోసారి తేనె.
హెదర్ పూల తేనె, నాలుగు కిలోలు,
ఒక రాత్రి డ్యూటీ జీతం.
పులుపు చల్లారకముందే సీసాలకెత్తి బిరడాలు బిగించాను.
తెల్లవారుజామున అల్మారాలో ఒకటి పేలింది,
దాన్ని చూసి ఇంకోటి.
గోడ వెంట తీపి కారుతుంటే
చీపురు చేత్తో పట్టుకుని
గాజుపెంకులకి భయపడుతూనే వేలితో తీసి నాకాను.
బాగుంది.
అదే ఏడుపు.

నా ఉద్యోగం సొరంగాలకి కాపలా.
హర్దాంగర్ కొండల కడుపులో ముప్పై ఏడు కెమెరాలు,
రాత్రంతా తెరల ముందు నేను.
లారీ ఆగితే ఎర్రదీపం వేస్తాను.
మేక దూరితే ఒక మీట నొక్కుతాను.
నోరు తెరవాల్సిన పని పడదు.
కొన్ని వారాలు నా గొంతు
వాడని గది తలుపులా చెమ్మకి బిగుసుకుపోతుంది.

షూర్ ముసలాయన ఫియోర్డ్ అవతల ఉంటాడు.
పడవ దిగి కిలోమీటరు ఎక్కాలి.
జూనిపర్ కొమ్మలు మరిగిన నీళ్లలో
మొలకెత్తిన యవలు నానుతున్నాయి,
ఇల్లంతా అడవి ఆవిరి.
"ఎంత వేడి ఉండాలి?" అని థర్మామీటర్ తీశాను.
ఆయన అది లాక్కుని కిటికీకి తగిలించాడు,
బయట చలెంతో చూసుకోవడానికి పనికొస్తుందట.
"అప్పుడే పితికిన పాలంత" అన్నాడు.
నేనెప్పుడూ ఆవుని ముట్టుకోలేదు.
"అయితే వేలు ముంచు.
వేలెక్కడ ఆగిందో, రసం ఎక్కడ మొదలైందో
తెలియకూడదు."

తోడు గోడకి వేలాడుతోంది:
పాము వెన్నెముకలాంటి చెక్కమాల,
కణుపు కణుపుకీ ఎండిన బూడిద పొలుసు.
"చచ్చిపోయిందా?"
"నిద్ర."
వాళ్లమ్మమ్మ కాలం నాటిదట.
ఒక చలికాలం పాడైతే పక్కింటి ఓదిస్ దగ్గర తెచ్చుకున్నారట,
ఓదిస్‌ది పాడైన ఏడు వీళ్లది ఆమెకి.
"ఇప్పుడిది ఎవరిదో అడగకు" అన్నాడు షూర్,
ఓ చిటికెడు గీకి కాగితంలో పొట్లం కడుతూ.
"వేశాక అరవాలి."
"ఎవరు?"
"వేసినవాళ్లే. ఎంత గట్టిగా అరిస్తే అంత ఘాటు."

మూడో అంతస్తు, శనివారం, రాత్రి తొమ్మిది.
వేలు ముంచాను. తెలియలేదు. పొలుసు రాల్చాను.
మొదట దగ్గు వచ్చింది.
తర్వాత ఎవరినో పలకరిస్తున్నట్టు "ఓయ్" అన్నాను.
బకెట్ పట్టించుకోలేదు.
మూడోసారి
నాలో ఎక్కడో ఆగిపోయిన లారీ హారన్ కొట్టింది.
వంటగదిలో గరిటెలు మోగాయి.

కింది అంతస్తు తోర్‌ఫిన్ మేజోళ్లతోనే పరిగెత్తుకొచ్చాడు,
చంకలో మంటలార్పే సిలిండర్.
ఆరేళ్లలో మా మధ్య ఇది మొదటి సంభాషణ:
"ఏమైంది?"
"ఏం లేదు. బీరు."
లోపలికొచ్చి తొంగిచూశాడు.
సిలిండర్ కింద పెట్టి, కాసేపు మొహమాటపడి,
"నేనూ ఒకసారి?" అన్నాడు.

ఆ బీరు గొప్పగా ఏం లేదు.
జూనిపర్ ఎక్కువైంది, చివర్లో కొంచెం నారింజ తొక్క.
తోర్‌ఫిన్ రెండు గ్లాసులు తాగి
అడుగు తేరిన తోడు సగం పట్టుకెళ్లాడు,
గుడ్డ మీద ఆరబెడతానని.

నవంబర్‌లో తలుపు కొట్టాడు.
"నాది బూజు పట్టింది. నీ దగ్గర కొంచెం తోడుందా?"
నాది అంతకు ముందు వారమే పోయింది,
అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నాను.

ఆదివారం మొదటి పడవకి ఇద్దరం వెళ్లాం.
షూర్ ఇంకా లేవలేదు.
కిటికీలో నా థర్మామీటర్:
సున్నాకి రెండు గీతలు కింద.